అవ్వ పెట్టెలోని నగలు: ఏవి ఎంత పాతవి, దేనికి ఎంత విలువ?

దేవరకొండ_మనుమరాలు

సభ్యులందరికీ నమస్కారం. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నిరుడు కాలం చేశారు. ఆమె చెక్కపెట్టె తాళం మొన్ననే తీశాము. అందులో మెడలో వేసుకునే అల్లిన బంగారు తీగల నాను ఒకటి, పుతలీల పేరు (బొమ్మ నాణేల దండ) ఒకటి, కెంపులు పొదిగిన పతకం ఒకటి, ఒక జత వెండి కడియాలు, మా మేనత్తకు పెళ్లిలో పెట్టిన కమ్మల జత ఉన్నాయి. మేము ముగ్గురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లము. పంపకం కోసం ఊళ్లో ఒక దుకాణంలో చూపిస్తే, అన్నింటినీ ఒకే పళ్లెంలో పోసి తూచి, మూడో వంతు తరుగు తీసి మిగిలినదానికి బరువు లెక్కన ఇస్తామన్నారు. అవ్వ చీటీల పుస్తకంలో నాను ఆరు తులాలని రాసి ఉండగా, దుకాణం కాటాలో 69 గ్రాములు తూగింది కాబట్టి దాదాపు ఏడు తులాలన్నారు. అవ్వ లెక్క తప్పా, కాటా తప్పా అని ఇంట్లో వాదన నడుస్తున్నది. కరిగించడానికి ఇచ్చే ముందు వీటిని గురించి ఏమి తెలుసుకోవాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

గీటురాయి

అమ్మా, నేను నారాయణపేటలో నలభై ఏళ్లు కొలిమి ముందు కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు కళ్లు సహకరించక మానేశాను. ముందుగా చెప్పేది ఒక్కటే, ఆ వస్తువులను మళ్లీ ఒకే పళ్లెంలో పోయనివ్వకండి. నాను, పతకం, పుతలీలు మూడూ బంగారమే అయినా మూడింటి లెక్క మూడు విధాలుగా ఉంటుంది. అన్నింటికీ ఒకే తరుగు చెప్పినవాడు వస్తువును చూడలేదని అర్థం.

మీ అవ్వ లెక్క తప్పు కాదు. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు, ఆమె రోజుల్లో తులమంటే 11.664 గ్రాములు. ఆరు తులాలకు దాదాపు 70 గ్రాములు కావాలి, మీకు 69 తూగింది. ఆ ఒక్క గ్రాము ఇన్నేళ్లు మెడమీద ఒరుసుకొని అరిగిన బంగారం. అరుగుదల లేకుండా సరిగ్గా 70 తూగి ఉంటే నాకు అనుమానం వచ్చేది. నానులో తీగలు ఒకదానికొకటి తగిలే చోట సానపట్టినట్టు చదునుగా అరిగి ఉంటాయి, కొక్కెం లోపలి అంచు పలచబడి ఉంటుంది. ఈ రెండు చోట్లా భూతద్దంతో చూడండి.

ఇంకొక మాట. పతకాన్ని నీళ్లలో ముంచవద్దు, సబ్బు పెట్టవద్దు, ఉడికించవద్దు. పాత పతకాల లోపల లక్క ఉంటుంది, రాళ్ల కింద రేకు ఉంటుంది. తడి లోపలికి చేరిందంటే రేకు నల్లబడి కెంపు బొగ్గులాగా కనిపిస్తుంది. దాన్ని తిరిగి బాగుచేయించాలంటే రాయి ఊడదీయక తప్పదు.

హాలీ_రూపాయి

నేను మహబూబ్‌నగర్ వాసిని, ముప్పై ఏళ్లుగా పాత నాణేలు సేకరిస్తున్నాను. నగను చూడగానే నాణెం కనిపిస్తే నా పని సులువు, ఎందుకంటే బంగారానికి వయసు రాసి ఉండదు గానీ నాణేనికి ఉంటుంది. అయితే నాణెం చెప్పేది ఒక వైపు హద్దును మాత్రమే. నాణెం పుట్టకముందు ఆ నగ పుట్టి ఉండదు, ఆ తరువాత ఎన్నేళ్లకైనా పుట్టి ఉండవచ్చు.

పుతలి అంటే బొమ్మ. అసలు పుతలి వెనిస్ నగరపు బంగారు డుకాట్. దాని మీద మోకరిల్లిన పాలకుడు, అతని ఎదుట నిలబడిన మహాత్ముడు, మధ్యలో జెండా కర్ర, వెనుకవైపు చుక్కల మధ్య నిలబడిన ఏసుక్రీస్తు ఉంటారు. బరువు దాదాపు మూడున్నర గ్రాములు, బంగారం దాదాపు అపరంజి. వెనిస్ గణరాజ్యం 1797లో అంతరించింది కాబట్టి అసలు డుకాట్ అంతకంటె పాతదై ఉండాలి. కానీ మన దేశంలో ఆ నాణేనికి ఉన్న నమ్మకాన్ని చూసి ఇక్కడి కంసాలులే అచ్చులు చేసుకొని పుతలీలు కొట్టారు. అటువంటివాటిలో మనుషులు పుల్లల బొమ్మల్లాగా, అక్షరాలు అర్థం లేని గీతల్లాగా ఉంటాయి. మీ పేరులోని పుతలీలను విడివిడిగా తూచగలరా? అక్షరాలు ఎలా ఉన్నాయి? మధ్యలో వేరే నాణెం ఏదైనా ఉందా?

కడియాల గురించి కూడా అడుగుతాను. ఇంట్లో ఎవరైనా వాటిని ఇన్ని రూపాయల ఎత్తు అని చెప్పిన గుర్తు ఉందా?

వనపర్తి_పాతసొమ్ము

గీటురాయి గారి మాటకు నాదొక చేర్పు. నేను పెద్ద సేకర్తను కాను, పాత ముక్కెరలు, చెంపసరాలు, గంటీలు ఒక పెట్టెడు ఉన్నాయంతే. కొన్న మొదటి అయిదారు వస్తువుల్లో మూడింటికి నేను మోసపోయాను. ఈ మధ్య దుకాణాల్లో పాతకాలపు మెరుగు పేరిట కొత్త నక్షీ నగలను నల్లబరచి అమ్ముతున్నారు. కొత్తదని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, అందంగానే ఉంటాయి. చేతులు మారి మారి అవే పాత సంస్థానాల నగలుగా తిరిగి వస్తున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది.

నేను ఇప్పుడు ముందుగా వెనుక భాగం చూస్తాను. పాత పనివాడు వెనుక భాగాన్ని కూడా చేత్తోనే చేశాడు కాబట్టి అక్కడ ఆకురాయి గీతలు, ఒక దళం మరొక దళంతో పూర్తిగా సరిపోని తేడాలు కనిపిస్తాయి. పోత పోసిన కొత్త వస్తువులో పది పువ్వులూ ఒకే అచ్చులో దిగినట్టు ఉంటాయి, సందుల్లో సూదిమొన లాంటి సన్నని గుంటలు ఉంటాయి. కొత్త నలుపు గుంటలన్నింటిలోనూ ఒకే మోతాదులో పరచుకొని ఉంటుంది. పాత మురికికి మాత్రం పద్ధతి ఉంటుంది, చర్మానికి తగిలే చోట ఒక తీరు, దారం తగిలే చోట మరొక తీరు. కె.డి.ఎం. అనే ముద్ర కనిపిస్తే అది ముత్తవ్వ నగ అని ఎవరు ప్రమాణం చేసినా నమ్మవద్దు. కాడ్మియంతో టంకం పెట్టే ఆ పద్ధతి మనం పుట్టి పెరిగాక వచ్చింది.

కమ్మల మరను కూడా చూడండి. చేత్తో కోసిన మర చుట్లు ఒకే దూరంలో ఉండవు, ఒక కమ్మ శీల రెండో కమ్మకు పట్టదు.

దేవరకొండ_మనుమరాలు

మీ అందరికీ కృతజ్ఞతలు. అడిగినవన్నీ నిన్న రాత్రి మా తమ్ముడితో కూర్చొని చూశాము. పుతలీలు 24 ఉన్నాయి. ఒక్కొక్కటి 3.1 గ్రాముల నుంచి 3.3 గ్రాముల దాకా తూగింది. అక్షరాలు ఏ భాషకూ చెందినట్టు లేవు, మోకరిల్లిన మనిషి ముఖం గురిగింజంత చుక్క. మధ్యలో మాత్రం పెద్ద నాణెం ఒకటి ఉంది. దాని మీద చార్మినారు ఉంది, మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంది. పక్కింటి పెద్దాయన అది ఐన్ అక్షరమని, సంవత్సరం 1343 అని చదివి చెప్పారు.

కడియాల విషయం మా నాయనకు గుర్తుంది. అవ్వ వాటిని నలభై రూపాయల కడియాలు అనేవారట. మేము అది వాటి ధర అనుకున్నాము. జత 444 గ్రాములు తూగింది.

హాలీ_రూపాయి

ఇంత వివరంగా రాసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మధ్య నాణెం నిజాం అష్రఫీ, అంటే నిజాం కాలపు బంగారు నాణెం. ద్వారంలో మీమ్ అక్షరం ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ఐన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. హిజ్రీ 1343 మన లెక్కలో 1924-25 అవుతుంది. కాబట్టి మీ పేరు ఇప్పుడున్న రూపంలో అంతకంటె ముందుది కాదు. పుతలీలు ఇక్కడి అచ్చువే, సందేహం లేదు. అయినా చిన్నబుచ్చుకోవద్దు. వెనిస్ నాణేలు ప్రపంచమంతటా దొరుకుతాయి, మన కంసాలి చేతి పుతలీలు మన జిల్లాల పెట్టెల్లోనే దొరుకుతాయి. నన్నడిగితే రెండోవే నాకు ఎక్కువ ప్రీతి. అష్రఫీకి కొండి అతికి ఉంటే నాణేల సేకర్తలు ధర బాగా తగ్గిస్తారు, అయితే దాన్ని ఊడదీసి గీకి శుభ్రం చేస్తే ఇంకా తగ్గిస్తారు.

ఇక కడియాలు. నలభై రూపాయలు ధర కాదు, ఎత్తు. పల్లెల్లో వెండిని రూపాయల ఎత్తుతోనే తూచేవారు, చాలాసార్లు ఆ రూపాయలనే కరిగించి వస్తువు చేయించేవారు. మన ప్రాంతంలో రెండు రూపాయలు నడిచేవి. ఇంగ్లీషువారి కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, నిజాం హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములు. నలభై కల్దార్లయితే 466 గ్రాములు రావాలి, నలభై హాలీలయితే 447 రావాలి. మీకు 444 వచ్చింది. అరుగుదలను కూడా కలుపుకుంటే ఇవి హాలీ రూపాయల కడియాలే అని నా అంచనా.

అంచనాను పరీక్షించే మార్గం ఇంట్లోనే ఉంది. కడియాలు లోపల డొల్ల కాకపోతే, దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేటట్టు వేలాడదీసి తూచండి. గాలిలో తూగిన బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే వచ్చే అంకె స్వచ్ఛమైన వెండికి పదిన్నర దగ్గర ఉంటుంది. హాలీ రూపాయిలో వెండి నూటికి 81.8 పాళ్లు, మిగిలినది ప్రధానంగా రాగి కాబట్టి 10.2 దగ్గర రావాలి. కల్దార్‌లో వెండి 91.7 పాళ్లు. అందుకే ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానంగా మారేవి.

అచ్చంపేట_తండా

హాలీ రూపాయల మాట వచ్చింది కాబట్టి ఒక ప్రశ్న అడుగుతున్నాను. మా నానమ్మకు వెండి టోప్లీలు (జుట్టుకు కట్టి చెంపల పక్కన వేలాడేవి), హాస్లీ (మెడ కడియం), రూపాయలు గుచ్చిన గొలుసు ఉన్నాయి. చేతులకు వేసుకునే పాత బల్యాలు కూడా ఉన్నాయి, అవి ఏనుగు దంతమని ఆమె అంటుంది. పట్నం నుంచి వచ్చిన ఒకాయన అన్నింటినీ కలిపి కొంటానంటున్నారు. ఇవ్వవచ్చునా?

వనపర్తి_పాతసొమ్ము

తమ్ముడూ, దంతమైతే ఆ బల్యాలను అమ్మవద్దు. ఎంత పాతవైనా ఏనుగు దంతపు వ్యాపారం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం, కొన్నవారికీ అమ్మినవారికీ ఇద్దరికీ చిక్కే. మిగిలినవాటిని అమ్మాలనుకున్నా విడివిడిగా ధర అడగండి. టోప్లీల జత విడిపోకుండా ఉండడం, వాటి గజ్జెలు రాలిపోకుండా ఉండడం చాలా అరుదు. వెండి బరువుకు ఇస్తే ఆ పని ఊరికే పోతుంది. నానమ్మ ఇంకా ధరిస్తున్నారా అన్నది అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న.

ముద్ర_కేంద్రం

నేను హైదరాబాదులో ఒక హాల్‌మార్క్ కేంద్రంలో పరీక్షకుడిగా పనిచేస్తున్నాను. పాత నగను పరీక్ష చేయించుకోవడానికి దుకాణం ద్వారానే రావాలన్న నియమం లేదు, యజమానులే నేరుగా తేవచ్చు, రుసుము కొద్దిపాటిదే. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అన్నది దుకాణాలు అమ్మే నగలకు సంబంధించిన నియమం. ఇంట్లోని పాత నగకు ముద్ర లేదని ధర తగ్గిస్తే, ముద్ర లేకపోవడం తప్పు కాదని, వన్నె, అంటే బంగారం మేలిమి, పరీక్షించి చెప్పమని అడగండి.

మా యంత్రానికి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. ఎక్స్ కిరణాల పరీక్ష వస్తువు పైపొరను మాత్రమే చదువుతుంది. పైన మందంగా మెరుగు పెట్టిన వస్తువులో లోపల ఏముందో అది చెప్పదు. బంగారు పూత పెట్టే చిలకలపూడి పని మీద యంత్రం బంగారమని చూపినా బరువంతా బంగారమని కాదు. అందుకే అరిగిన అంచు దగ్గర, టంకానికి దూరంగా, రెండు మూడు చోట్ల చదివించమని కోరండి. పతకం సంగతికి వస్తే, లోపలి లక్క ఎంతో విప్పకుండా ఎవరూ చెప్పలేరు. మూడో వంతు తరుగన్నది కొనుగోలుదారు తన జాగ్రత్త కోసం వేసుకున్న ఊహ.

దేవరకొండ_మనుమరాలు

పది రోజుల తరువాత రాస్తున్నాను, మన్నించండి. నీళ్ల పరీక్షలో కడియాల బరువు 43.5 గ్రాములు తగ్గింది. 444ను దానితో భాగిస్తే 10.2 వచ్చింది. హాలీ_రూపాయి గారు, మా నాయన ఆ అంకెను గోడ క్యాలెండరు మీద రాసుకున్నారు.

మిగిలినవాటిని హైదరాబాదు తీసుకువెళ్లి పరీక్ష చేయించాము. నాను దాదాపు 22 క్యారెట్లు, పుతలీలు అంతకంటె కొంచెం మేలు. పతకంలోని పెద్ద కెంపులో వంకర గీతలు, గాలి బుడగలు కనిపించాయని, అది కర్మాగారంలో పెంచిన కెంపు అని అక్కడివారు చెప్పారు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశ కలిగింది.

అసలు బాధ కమ్మలతో వచ్చింది. వాటిలో బంగారం నూటికి 58 పాళ్లే ఉన్నది. ఇది మా ఇంట్లో పాత గాయం. 1964లో మా మేనత్త పెళ్లైన కొన్నాళ్లకే అత్తవారు ఆ కమ్మలను గీటురాయి మీద గీటు పెట్టించి, మచ్చు (బంగారం పాలు) తక్కువని, మా తాతను మాట అన్నారు. తాత కంసాలిని అన్నారు. ఆ కంసాలి మా ఇంటి గడప మళ్లీ తొక్కలేదట. మేనత్త కమ్మలను అవ్వకు తిరిగి ఇచ్చి, ఆ తరువాత ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు యంత్రం కూడా అదే మాట చెప్పింది.

గీటురాయి

అమ్మా, ఆ సంవత్సరం చూసి నేను కాసేపు ఏమీ రాయలేకపోయాను. యంత్రం చెప్పింది నిజమే, కంసాలి మోసం చేశాడన్నది మాత్రం నిజం కాదు.

చైనా యుద్ధం తరువాత 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారు నియంత్రణ నియమాలు తెచ్చింది. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. కొత్తగా చేసే నగల్లో 14 క్యారెట్లకు మించి బంగారం ఉండకూడదన్నది అందులో ఒక నియమం. 14 క్యారెట్లంటే నూటికి 58 పాళ్లు, అపరంజికి పదహారు వన్నెలనే మా పాత లెక్కలో తొమ్మిది వన్నెలకు కొంచెం పైన. పదహారు వన్నెల మాట పుట్టిన జాతికి తొమ్మిది వన్నెల తాళిబొట్టు చేయమన్నారు. చేస్తే ఇంటివారు ఒప్పుకోరు, చేయకపోతే పని లేదు, చాటుగా మేలిమితో చేస్తే జైలు. మా నాయన మూడేళ్లు కొలిమి ఆర్పి పత్తి మిల్లుకు కూలికి వెళ్లాడు. దేశమంతటా కంసాలులు వీధిన పడ్డారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 1966లో ఆ పరిమితి తీసేశారు, 1968లో చట్టం చేశారు, 1990లో ఆ చట్టాన్నీ రద్దు చేశారు.

మీ కమ్మలు సరిగ్గా 58 చూపించాయంటే ఆ కంసాలి చట్టం చెప్పిన గీతను రవ్వంతైనా దాటలేదు, తగ్గలేదు. దొంగ అయితే యాభైకో నలభై అయిదుకో దించి ఉండేవాడు, ఎందుకంటే ఎలాగూ తక్కువేనని అందరికీ తెలిసిన రోజులవి. మీ తాతకు చెప్పే చేసి ఉంటాడు, పెళ్లి పందిట్లో ఆ మాట ఎవరు వింటారు?

వనపర్తి_పాతసొమ్ము

ఈ మాట విన్నాక ఆ కమ్మలను బరువుకు ఎవరికీ ఇవ్వకండి. ఆ మూడేళ్ల నగలు మిగిలింది తక్కువ, తరువాత చాలామంది వాటిని కరిగించి 22 క్యారెట్లలోకి మార్పించుకున్నారు. కెంపు విషయంలోనూ నిరాశ వద్దు. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నూయి కెంపును మంటలో పెంచే పద్ధతిని 1902లో ప్రకటించాడు. కొద్దికాలానికే ఆ రాళ్లు మన దేశానికీ చేరాయి, పేరున్న నగల్లోకీ చేరాయి. రాయిగా దాని ధర తక్కువే గానీ, పతకం అంతకు ముందుది కాదని చెప్పే సాక్ష్యం అదే, మీ అష్రఫీ చెప్పిన కాలానికీ సరిపోతున్నది. ఎవరో తరువాత రాయి మార్చి ఉండవచ్చునన్న అనుమానం ఒకటి మిగులుతుంది, రాయి కూర్చున్న గూటి అంచును మళ్లీ నొక్కిన గుర్తులున్నాయేమో చూడండి.

గీటురాయి

వనపర్తి అమ్మగారితో ఒక చోట నాకు భేదం ఉంది. పనికి ధర కట్టి కొనేవారు ఉంటారని మనం చెప్పడం తేలిక. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా దుకాణంలో చిల్లర అవసరానికి అమ్మబోతే బరువే చూస్తారు. అలా ఆశపెట్టి, వారు రెండేళ్లు దాచుకొని చివరికి బరువుకే అమ్ముకుంటే మనల్నే తిట్టుకుంటారు. నా మాట ఏమిటంటే, నానుకు బరువు ధరే విలువ, పంపకంలో దాన్ని అలాగే లెక్కించండి. పుతలీల పేరును విడదీయకుండా ఒకరికి ఇవ్వండి, బరువు ధర తేడాను మిగిలినవారికి సరిపెట్టండి.

వనపర్తి_పాతసొమ్ము

ఒప్పుకుంటున్నాను. నేను కొన్నవాటిలో కూడా బరువు కంటె ఎక్కువ ఇచ్చినవి నాలుగైదే.

లెక్కల_మనిషి

పంపకం కాగితం మీద పెట్టుకోండి. వారసత్వంగా వచ్చిన నగకు వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడు లాభం మీద ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కుటుంబంలో ఉన్న వస్తువుకు ఆనాటి సరసమైన ధరను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు, దానికి గుర్తింపు పొందిన విలువ నిర్ణేత పత్రం పనికివస్తుంది. ఛాయాచిత్రాలు, విడివిడి బరువులు, అవ్వ చీటీల పుస్తకంలోని ఆ పేజీ, పరీక్ష రసీదు ఒకే చోట ఉంచండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది కాబట్టి విదేశంలో ఉన్న బంధువులకు పంపే ఆలోచన పెట్టుకోవద్దు. మీ అష్రఫీకి ఆ లెక్క ఇప్పుడే వర్తిస్తున్నది.

దేవరకొండ_మనుమరాలు

నానును మా తమ్ముడు, పుతలీల పేరును మా అక్క తీసుకున్నారు, బరువు తేడా లెక్క కట్టి ఇచ్చిపుచ్చుకున్నాము. పతకం, కడియాలు నా వద్ద ఉన్నాయి.

నిన్న మిర్యాలగూడలో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్లి గీటురాయి గారి జవాబును చదివి వినిపించాను. ఆమెకు ఎనభై దాటాయి. రెండుసార్లు చదివించుకొని, ఆ కంసాలి పేరు చెప్పి, ఆయన పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోమన్నారు. తరువాత కమ్మలు అడిగి పెట్టుకోబోయారు గానీ ఎడమ కమ్మ మర అరిగిపోయి శీల జారిపోతున్నది. పాతదనం చెడకుండా దాన్ని బాగుచేయించే ఉపాయం చెప్పగలరా?

గీటురాయి

పాత శీలను పారవేయవద్దు, చిన్న పొట్లం కట్టి కమ్మలతోనే ఉంచండి. పాత మర కాడను కోయనివ్వకండి, దానికి సరిపడే కొత్త శీలను మాత్రమే చేయించండి. బంగారం 14 క్యారెట్లదే వాడమని చెప్పండి, 22 పెడితే మెత్తగా ఉండి ఆ గట్టి కాడ మీద తొందరగా అరుగుతుంది, రంగు కూడా కలవదు. పని మీ కళ్ల ముందే చేయించుకోండి, గంటకు మించి పట్టదు. దేవరకొండలో చేసేవారు దొరకకపోతే నారాయణపేటకు రండి. నాకు కళ్లు లేకపోయినా మా అబ్బాయి చేస్తాడు, నేను పక్కన కూర్చుంటాను.